కొనకముందే పది గంటలు

పర్లాకిమిడి వాళ్ళం జీడిపప్పు కోసం పలాస వెళితే, నాలుగు పలుకులు నోట్లో వేసుకోకుండా బేరం మొదలుపెట్టం, కొట్టువాడూ అందుకు ఏమీ అనుకోడు. కథలో ఒక పాత్రగా మారి డెబ్బై ఎనభై గంటలు ఆడే రోల్ ప్లేయింగ్ గేమును మాత్రం రెండు నిమిషాల ట్రైలర్ చూసి కొనుక్కోవలసి వస్తోంది. ‘డ్రాగన్ క్వెస్ట్ ఎలెవెన్ ఎస్’ విషయంలో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఆ పద్ధతిని పక్కన పెట్టింది. దాని ఉచిత డెమోను, అంటే కొనకముందే ఆడి చూడమని ఇచ్చే మొదటి భాగాన్ని, ఈ వేసవి సెలవుల్లో మా మేనల్లుడితో కలిసి కంప్యూటరులో చివరిదాకా ఆడాను. దాదాపు పది గంటల ఆట. గేము కొన్నాక మళ్ళీ మొదటికి రానక్కరలేదు, డెమోలో సేవ్ చేసిన చోటి నుంచే కొనసాగించవచ్చు.

కంప్యూటరు గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న గేము నచ్చకపోతే 14 రోజుల్లోగా, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే, డబ్బు వాపసు అడగవచ్చు. కార్ల పందేలకో తుపాకుల పోరాటాలకో ఆ గడువు చాలవచ్చు. ఇక్కడ రెండు గంటలకు కథానాయకుడు సొంత ఊరు విడిచి రాజధాని చూసి ఉంటాడు, అంతే. వెంట నడిచే జట్టు ఇంకా కూడలేదు. ఈ గేము తీరు తెలియడానికి నాకు ఆరేడు గంటలు పట్టింది.

ఆ తీరు బాగా తెలిసింది కొలిమి దగ్గర. రాత్రి బస చేసిన చోట చిన్న కొలిమి పెట్టుకుని కత్తులు, కవచాలు మనమే చేసుకోవచ్చు. ఇనుము మీద ఒక్కో భాగానికి ఒక్కో కొలత ఉంటుంది. ఉన్న కొద్దిపాటి ఓపికలోనే దెబ్బలు లెక్కగా వేసి, గీత దాటకుండా ఆపాలి. “ఇంకొక్కటి కొట్టు మామయ్యా” అని వాడు తొందరపెడితే కొట్టాను, గీత దాటింది. ఇలాంటి నింపాదైన పనులు నచ్చనివారికి ఈ గేము పనికిరాదు, ఆ సంగతి వారికి పైసా ఖర్చు లేకుండానే తెలిసిపోతుంది.

మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. గేము తనంతట తానే సేవ్ చేసుకుంటుంది గనుక పోయింది పావుగంట ఆటే. దించుకోవడానికి మాత్రం రెండు రాత్రులు పట్టింది, ఊళ్ళో నెట్ అలాంటిది. యుద్ధం వచ్చినప్పుడల్లా అదే బాణీ మోగడం మూడో రోజుకే విసుగనిపించింది. తెలుగు, ఒడియా రెండూ లేవు గనుక సంభాషణలన్నీ నేనే చదివి చెప్పవలసి వచ్చింది.

ఇలాంటిదే మరో గేము ‘ఆక్టోపాత్ ట్రావెలర్’ డెమో కూడా ఆడాను. ఆ సేవ్ కూడా అసలు గేములోకి వస్తుంది గానీ, మూడు గంటల గడువు తలమీద ఉంటే ఊళ్ళో మనుషులతో తీరుబడిగా మాట్లాడబుద్ధి కాదు. ‘ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్’ ఉచిత ట్రయల్‌లో 70వ స్థాయి దాకా గడువే లేదు, కానీ అది ఆన్‌లైన్ గేము. మా నెట్‌తో దాని జోలికి పోలేదు.

డెమో ముగిసి నెల దాటింది. ధర తగ్గాక కొందామని ఆగాను. సేవ్ ఫైలు అలాగే ఉంది, మేనల్లుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, “తగ్గించారా మామయ్యా?” అని అడుగుతున్నాడు.