కాంబోబాక్స్‌లో పేరొక్కటే సరిపోదు: ఆరేళ్లు వాడాక

ఒక మందుల హోల్‌సేల్ షాపుకి డబ్ల్యుపిఎఫ్‌లో (విండోస్ ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను, ఆరేళ్లుగా అదే నడుస్తోంది. మొదట్లో కాంబోబాక్స్‌కి, అంటే నొక్కితే లిస్టు తెరుచుకునే బాక్సుకి, డిస్‌ప్లేమెంబర్‌పాత్ (లిస్టులో ఏ ఒక్క వివరం చూపాలో చెప్పే సెట్టింగు) పెట్టి మందు పేరొక్కటే చూపించాను. ఒకే టాబ్లెట్‌కి మూడు బ్యాచ్‌లుంటే లిస్టులో ఒకే పేరు మూడుసార్లు కనిపించేది, బిల్లు కొట్టే అబ్బాయి పైనున్నది నొక్కేసేవాడు, ముందు అమ్ముడుపోవాల్సిన పాత స్టాకేమో అరలోనే ఉండిపోయేది. తప్పు అతనిది కాదు, నాది.

అప్పుడు ఐటమ్‌టెంప్లేట్ రాశాను, అంటే లిస్టులో ఒక్కో వరస ఎలా కనిపించాలో చెప్పే నమూనా. పైన పేరు, కింద చిన్నక్షరాల్లో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, కుడి చివర మిగిలిన స్టాకు. మూడు నెలల్లోపు ఎక్స్‌పైరీ ఉంటే ఆ వరస ఎర్రగా. ఇది మాత్రం అద్భుతంగా పనిచేసింది, రాయడం కూడా పెద్ద కష్టం కాదు. డిస్‌ప్లేమెంబర్‌పాత్ తీసేయడం మర్చిపోకండి, రెండూ ఉంటే ఎర్రర్ ఇస్తుంది.

అసలు ఇబ్బంది మర్నాడు తెలిసింది. ఆ అబ్బాయి మౌస్ ముట్టడు, పేరులో మొదటి మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. టెంప్లేట్ పెట్టాక ఎన్ని అక్షరాలు కొట్టినా లిస్టు కదల్లేదు. కారణం, మనం తెర మీద ఏం చూపిస్తున్నామో కాంబోబాక్స్‌కి తెలియదు, వెతకడానికి అది ఒక్కో మందు ఆబ్జెక్టు టుస్ట్రింగ్‌నే (ఆబ్జెక్టుని అక్షరాల్లోకి మార్చి ఇచ్చే ఫంక్షన్) చూస్తుంది, అక్కడ ఉన్నది మందు పేరు కాదు, కోడ్‌లోని క్లాసు పేరు! ఎందులో వెతకాలో చెప్పే టెక్స్ట్‌సెర్చ్ టెక్స్ట్‌పాత్‌ సెట్టింగులో మందు పేరున్న ప్రాపర్టీ ఇచ్చాక మళ్లీ మామూలైంది. టెంప్లేట్ రాసే ప్రతివాళ్లూ ఈ ఒక్క లైనూ అదే రోజు రాసుకోవాలి.

మూసి ఉన్న బాక్సులోనూ అదే టెంప్లేట్ వచ్చి ఎత్తు పెరిగిపోతుంది, దానికి, మూసినప్పుడు ఒక టెంప్లేట్, తెరిచినప్పుడు ఇంకోటి ఎంచే టెంప్లేట్ సెలెక్టర్ పెట్టాను. వేల ఐటమ్స్ అయ్యాక తెరవడానికి టైమ్ పట్టేది, వరసల్ని పేర్చే ప్యానెల్‌ని, తెర మీద కనిపించే వరసల్నే తయారుచేసే వర్చువలైజింగ్‌స్టాక్‌ప్యానెల్‌గా మారిస్తే వేగం వచ్చింది కానీ స్క్రోల్ చేస్తుంటే లిస్టు వెడల్పు మారుతూ ఉండేది, అందుకే వెడల్పు ఫిక్స్ చేశాను.

నచ్చనిది ఒక్కటే. లిస్టు అడుగున 'కొత్త మందు' బటన్ పెట్టాలంటే కంట్రోల్ టెంప్లేట్ (కాంబోబాక్స్ రూపం మొత్తాన్ని చెప్పే కోడ్) మొత్తం కాపీ చేసుకుని లోపల పాపప్ (తెరుచుకునే లిస్టు భాగం) దగ్గర మార్చాలి, అంత కోడ్ నేనే మోయాలి. చేశాను, ఆర్నెల్లకి తీసేశాను. ఇప్పుడా బటన్ బాక్సు పక్కనే ఉంది, ఎఫ్2 నొక్కితే ఫారం తెరుచుకుంటుంది.