బొబ్బిలి ‘యుద్ధం నాటి అడవి’ టూరుకి డబ్బులు కట్టకండి

నిన్న రాత్రే ఇంటికి వచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే గబగబా రాసేస్తున్నాను. విజయనగరం నుంచి ఒక్కరోజు టూర్లు వేసే ఆ పేజీ మీలో చాలామందికి తెలుసు. వాళ్ళ కొత్త ప్యాకేజీ ‘బొబ్బిలి కోట, యుద్ధ స్తంభం, 1757 నాటి కోట అడవిలో నడక’. మనిషికి 1,800. నలుగురికి 7,200 ముందే ఫోన్‌పే చేసేశాను.

నాన్నగారి కోసం కట్టాను. ముప్పై ఏళ్ళు సోషల్ మాస్టారుగా చేశారు. జనవరి 24 వచ్చిందంటే క్లాసులో బొబ్బిలి యుద్ధం చెప్పాల్సిందే. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు పంతం, తర్వాత ఆయన డేరాలో దూరి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు తీర్చుకున్న పగ. ఎప్పుడు చెప్పినా ఒక్క సంగతి మాత్రం వదలరు. ఆ రోజుల్లో ఇటువైపు జమీందార్ల కోటల చుట్టూ వెదురు, ముళ్ళపొదలు దట్టంగా పెరగనిచ్చేవారట, సన్నటి వంకర దారి తెలిస్తే తప్ప లోపలికి చేరలేరట. ఆ అడవి ముక్క ఇంకా మిగిలే ఉందంటే ఆయన నమ్మలేదు. “నిజమేనా, కనుక్కో” అన్నారు. అడిగాను. “గ్యారంటీ సార్, మా గైడ్ దగ్గరుండి చూపిస్తాడు” అన్నారు. నమ్మేశాను.

స్తంభం దగ్గర పది నిమిషాలు. కోట బయట్నుంచే. భోజనం సంగతి వదిలేయండి. మూడింటికి వ్యాను ఊరు దాటి ఒక మట్టిరోడ్డు పక్కన ఆగింది. “ఇదే కోట అడవి, దిగండి” అన్నాడు గైడు.

నీలగిరి తోట! తాడు పట్టి నాటినట్టు వరసలు. ఒకసారి కొట్టేసిన మోళ్ళ పక్కనుంచి మూడేసి కర్రలు లేచి ఉన్నాయి. బెరడు పొరలుగా ఊడి వేలాడుతోంది. నాన్నగారు ఒంగి ఒక ఆకు తీసి నలిపి వాసన చూశారు. జలుబు చేస్తే రాసుకునే నూనె వాసన, పక్కనున్న నాకూ తగిలింది. “బాబూ, ఇది ఆస్ట్రేలియా చెట్టు. టిప్పు సుల్తాను నందికొండల్లో వేయించాడంటారు, అదీ 1790 దరిదాపుల్లో. బొబ్బిలి యుద్ధం నాటికి మన దగ్గర ఇదెక్కడిది?” అని నెమ్మదిగానే అడిగారు.

వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. “ఏటి మాస్టారూ, చెట్టు చెట్టే కదా. ఫొటో దిగండి, ఎల్దాం. ఈ వయసులో మీకు అడివెందుకు?”

వెనక ఎవరో నవ్వారు. నాన్నగారు ఆ ఆకు చేతిలో అలాగే పట్టుకుని వచ్చి సీట్లో కూర్చున్నారు. విజయనగరం చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది. చెట్టు చెట్టే అని మన జిల్లాలో ఎలా అంటారండీ? పైడితల్లి పండగలో పూజారి ఎక్కి ఊరేగే సిరిమాను కోసం అమ్మవారు కలలో చెప్పిన చింతచెట్టే కావాలని, అది ఎవరి పొలంలో ఉందో వెతికి, పసుపు కుంకుమ పెట్టి మొక్కి తెచ్చుకునే మనుషులం.

నా తప్పూ ఉంది. వాళ్ళ ఫొటోలో ఉన్నది వెదురు పొద, అది ఎక్కడిదని అడగలేదు. మా పిన్ని ఉండేది బొబ్బిలిలోనే, ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. అలాంటి అడవి మాట తానెప్పుడూ వినలేదని నిన్న రాత్రి చెప్పింది. డబ్బు వెనక్కి ఇమ్మంటే “నడక అయిపోయింది కదా సార్” అని ఒక మెసేజ్, ఆపైన నంబరు బ్లాక్.

బొబ్బిలి చూడాలంటే రైలెక్కండి, విజయనగరం నుంచి రాయపూర్ లైన్లోనే స్టేషను. స్తంభం దగ్గర మీకు నచ్చినంతసేపు ఉండొచ్చు. టూరే కావాలంటే మాత్రం మొత్తం డబ్బు ముందే కట్టకండి, చూపిస్తామన్న ప్రతి చోటికీ లొకేషన్ పంపమనండి. వచ్చే ఆదివారానికి అదే వెదురు ఫొటోతో మళ్ళీ పోస్టు పెట్టారు. ఎవరైనా కట్టేసి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి వెనక్కి అడగండి.