ప్రధాని దిగిన స్టాప్: స్టాక్‌హోమ్ 12వ నంబర్ ట్రామ్

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. స్టాక్‌హోమ్ వస్తే అందరిలాగే ఆయన్నీ మ్యూజియంలో ఉంచిన పాత యుద్ధనౌక వాసాను చూపించడానికి తీసుకెళ్లాను. ఓడ ముందు రెండు ఆవలింతలు తీశారు. మర్నాడు గ్రీన్ లైన్ మెట్రోలో ఆల్విక్ దాకా వెళ్లి 12వ నంబర్ ట్రామ్ ఎక్కించాను. ఆల్విక్ తర్వాత నాలుగో స్టాప్, ఓల్స్టెన్స్‌గాటన్. అక్కడ దిగాం.

"ఇక్కడేముందిరా?" అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధమంతా స్వీడన్‌ను నడిపిన ప్రధాని పెర్ అల్బిన్ హాన్సన్ 1946 అక్టోబర్ 6 రాత్రి ఈ స్టాప్‌లోనే ట్రామ్ దిగి, గుండె ఆగి కూలిపోయాడు. అరవై ఏళ్లు. పదవిలో ఉండగానే.

"ట్రామ్‌లోనా? కారు లేదా, వెనక పోలీసులు లేరా?" నాన్న అడిగింది ఇదొక్కటే, కానీ మూడుసార్లు అడిగారు.

హాన్సన్ ఇల్లు ఈ స్టాప్ ఉన్న వీధిలోనే. ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన సన్నపాటి ఇళ్లు, మన క్వార్టర్స్‌లాగా. మాల్మో దగ్గర తాపీమేస్త్రి కొడుకుగా పుట్టి, నాలుగేళ్లే బడికెళ్లిన మనిషి. 1928లో పార్లమెంటులో దేశమంటే అందరి ఇల్లు కావాలన్నాడు, తనూ ఇలాంటి ఇంట్లోనే ఉన్నాడు. లోపలికి మాత్రం వెళ్లలేం, జనం కాపురాలుంటున్నారు. కిటికీల్లోకి తొంగిచూడకండి.

నాకు ఆయన మీద పూర్తి భక్తేం లేదు. 1940 నుంచి 1943 దాకా జర్మన్ సైనికులు స్వీడన్ రైళ్లలోనే నార్వేకు వెళ్లొచ్చారు. అటు నార్వే ఆక్రమణలో నలుగుతుంటే ఇటు రైళ్లు నడిచాయి. దేశం యుద్ధంలోకి దిగకుండా కాచాడు, నిజమే. ఆ కాపుదలకు ఖర్చు పక్కింటివాళ్లు కూడా పెట్టుకున్నారు. నాన్నకు చెబితే కాసేపాలోచించి, "మరి వాళ్లకు టికెట్ కొట్టారా?" అన్నారు.

ఈ ట్రిప్‌కు నా మార్కులు 5కి 4. మ్యూజియం అనుకుని వెళ్తే నిరాశే, అందుకే ఒకటి తగ్గించా. డిసెంబర్‌లో మూడింటికే చీకటి పడుతుంది, పొద్దున్నే వెళ్లండి. ఫ్లాస్కులో టీ మర్చిపోవద్దు. టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది. నాన్న వాచీ చూసుకుంటూ తొందరపెట్టడంతో అదే టికెట్ మీద తిరుగు ట్రామ్ కూడా ఎక్కేశాం.