ఎరిక్ సాటీని చదువుతూ వాయించాలంటే: ఐఎంఎస్ఎల్‌పి భాండాగారంపై సమీక్ష

ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ (1866–1925) పియానో రచనలను రికార్డింగుల్లో విని ఇష్టపడినవారు చాలామందే ఉన్నారు గానీ, ఆయన నింపిన కాగితాన్ని చూడనివారికి ఆ సంగీతంలో ఒక భాగం అందకుండానే పోతుందని నా అభిప్రాయం. ఆ భాగం కోసం నేను ఆశ్రయించేది ఐఎంఎస్ఎల్‌పి అనే ఉచిత నొటేషన్ భాండాగారాన్ని. 2006లో మొదలై, హక్కుల వివాదం వల్ల 2007 అక్టోబరులో మూతపడి, మరుసటి ఏడాది తిరిగి తెరుచుకున్న ఈ వెబ్‌సైటులో కాపీరైటు గడువు తీరిన స్కోర్లను (స్వరాలు అచ్చువేసిన ప్రతులను) ఔత్సాహికులే స్కాన్ చేసి పెడుతుంటారు.

సాటీ విషయంలో పాత ముద్రణలకు ఎందుకింత విలువ అంటే, ఆయన వాయించేవారి కోసం మాత్రమే రాసిన మాటలు అక్కడ స్వరాల పక్కనే కనిపిస్తాయి. 1890 ప్రాంతంలో కూర్చిన గ్నోసియెన్‌లు అనే చిన్న పియానో రచనల్లో మొదటి మూడింటిలో బార్ గీతలు (మాత్రల లెక్కను విడదీసే నిలువు గీతలు) ఉండవు. 'మెల్లగా', 'గట్టిగా' అనే మామూలు సూచనలు ఉండవలసిన చోట 'ఆలోచన కొసతో', 'నాలుక మీద', 'తల తెరవండి' అని ఉంటుంది. మూడోదాని చివర 'శబ్దాన్ని పాతిపెట్టండి' అంటాడు. అక్కడ నేను శబ్దాన్ని తగ్గించే ఎడమ పెడల్ కూడా నొక్కి, కీలను వీలైనంత నిదానంగా కిందికి దించుతాను. ఇంకొకరు పూర్తిగా వేరే విధంగా వాయించవచ్చు, ఎవరినీ తప్పు పట్టడానికి వీల్లేదు. (ఈ రచనలో సాధారణ గాంధారం నుంచి ప్రతి మధ్యమానికి వెళ్లే దూరం పదేపదే వినిపిస్తుంది కనుక, కర్ణాటక సంగీతం విన్న చెవికి అది పరాయిదిగా తోచదు. అలాగని దాన్ని ఏదో ఒక రాగంలో ఇరికించడం అనవసరం.)

మాటలతో ఆయన ఆడిన ఆట 1913 నాటి 'ఎండిన పిండాలు'లో ఇంకా ముదిరింది. అందులో స్వరకర్త షొపాన్ రాసిన శవయాత్ర సంగీతాన్ని వెక్కిరింపుగా వినిపిస్తూ, అది మరో స్వరకర్త షూబర్ట్ రాసిన ప్రసిద్ధ మజుర్కా (ఒక రకం నృత్య సంగీతం) అని పక్కన తాపీగా రాసిపెట్టాడు. వినేవాడికి షొపాన్ ఒక్కడే తెలుస్తాడు. ఆ అబద్ధం చదివి నవ్వుకునే అవకాశం వాయించేవాడికి మాత్రమే దక్కుతుంది. మరుసటి సంవత్సరం రాసిన మరో రచనలోనైతే, వాయిస్తున్నంతసేపూ ఆ మాటలను పైకి చదవకూడదని ఏకంగా హెచ్చరికే జారీ చేశాడు.

ఇక సేవ సంగతి. సభ్యత్వ రుసుము కట్టనివారు ఫైలు దిగడానికి కొన్ని సెకన్లు ఆగాలి, అది పెద్ద ఇబ్బందేమీ కాదు. అసలు చిక్కు ప్రింటు తీయించినప్పుడు వస్తుంది. నాటి స్కోర్లు మన ఏ4 కాగితం కన్నా పెద్దవి కనుక, కుదించి అచ్చు వేస్తే సన్నటి ఫ్రెంచి అక్షరాలు పలచబడిపోతాయి. మా వీధి జిరాక్స్ షాపులో తీయించిన ప్రతిలో నేను వాటిని పెన్నుతో దిద్దుకోవలసి వచ్చింది. వీలుంటే ఏ3లో తీయించండి, లేదా ట్యాబ్‌లోనే చూడండి. సాటీ బతికుండగా అచ్చయినవాటికి మన దేశంలో హక్కుల బెడద లేదు. గ్నోసియెన్‌లలో 4, 5, 6 మాత్రం ఆయన పోయాక, 1968లో వెలువడ్డాయి కాబట్టి వాటి విషయంలో హక్కుల గమనిక చూసుకోవాలి.

ఈ భాండాగారం మీకు పాఠం చెప్పదు. సాటీ పియానో రచనల్లో మొదటి జిమ్నోపెదీనే (1888) తీసుకోండి. పుట చూస్తే ఖాళీగా, తేలికగా అనిపిస్తుంది. ఎడమ చెయ్యి మొదటి మాత్రపై కింది జి స్వరాన్ని నొక్కి, రెండో మాత్రకల్లా పైకెగిరి బి, డి, ఎఫ్ షార్ప్ కలిసి మోగే కార్డ్‌కు చేరాలి, ఆ కింది స్వరం మాత్రం బారంతా మోగుతూనే ఉండాలి. అది స్వరాన్ని నిలిపి ఉంచే కుడి పెడల్ లేకుండా సాధ్యం కాదు, ఆ పెడల్‌ను ప్రతి బారుకూ కొత్త బేస్ స్వరం మోగిన మరుక్షణం మార్చకపోతే వరుస బార్ల బేస్ స్వరాలైన జి, డి రెండూ కలిసి బురదవుతాయి. ఇవేవీ స్కోరులో ఉండవు, వేళ్ల అంకెలు కూడా ఉండవు. వేగం కూడా 'నెమ్మదిగా, బాధతో' అన్నంతవరకే. అందుకే డచ్చి పియానిస్టు రైన్‌బెర్ట్ డి లేవ్ చాలా నిదానంగా వాయించినా, ఆల్డో చిక్కోలీనీ అంతకంటే చురుగ్గా నడిపించినా, ఇద్దరివీ చెల్లుబాటవుతాయి. కొత్తగా నేర్చుకునేవారు గురువు లేకుండా ఈ ఫైళ్లనే నమ్ముకోవడం నేను సిఫారసు చేయను.

స్వరకర్త క్లెమెంతీ రాసిన సొనటీనా (విద్యార్థులు నేర్చుకునే చిన్న పియానో రచన), ఓపస్ 36లో మొదటిది, ఇప్పటికే వాయించగలిగినవారు మాత్రం నేరుగా 1917 నాటి 'సొనటీన్ బ్యూరోక్రటీక్'కు వెళ్లవచ్చు. సాటీ ఆ సొనటీనానే మలిచి, పైన ఒక గుమాస్తా కథ నడిపాడు: ఆఫీసుకు హుషారుగా నడిచి వెళతాడు, ప్రమోషన్ గురించి కలలు కంటాడు, పక్కింట్లో ఎవరో క్లెమెంతీని వాయిస్తుంటే వింటాడు. రెండు స్కోర్లనూ దించుకుని స్టాండు మీద పక్కపక్కన పెట్టుకుంటే, ఏ బారులో ఏది ఎలా వంకర తిరిగిందో ఒక్క సాయంత్రంలో కనిపెట్టవచ్చు.