ఫార్చ్యూనర్‌లో ఐదు గేర్ల ఆటోమేటిక్ పెట్టించాక: మూడేళ్లు, 58 వేల కిలోమీటర్లు

మాది భీమవరం అవతల చెరువుల ప్రాంతం. బండి 2012 ఫార్చ్యూనర్ 4×2 (వెనక చక్రాలే లాగేది), 3 లీటర్ల డీజిల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 2022 వానల్లో గేర్లు జారడం మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం బద్ధకంగా కదులుతోంది. గేర్ ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ అచ్చం రోజ్ మిల్క్.

గేర్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి పోయింది. ఒకసారి నీళ్లు తగిలాక క్లచ్ ప్లేట్ల లైనింగ్‌ని పట్టుకున్న జిగురు వదిలేస్తుంది. ఉత్త ఆయిల్ మారిస్తే సరిపోదు.

పాతది విప్పి బాగుచేయడానికి లక్షా నలభై వేలన్నారు. మా మేస్త్రి ఇంకో దారి చెప్పాడు. తర్వాతి ఫార్చ్యూనర్లకు అదే ఇంజిన్‌తో ఐదు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది, అది దొరికితే పెట్టేద్దాం అని. యాక్సిడెంట్ అయిన బండిది విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. చివరికి అన్నీ కలిపి రెండు లక్షల నలభై వేలయ్యాయి.

ఇంజిన్ అదే కాబట్టి బిగించడం పెద్ద పని కాలేదు. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ మాత్రం ఆ గేర్‌బాక్స్‌దే తీసుకోవాలి. కింద గేర్‌బాక్స్‌ని మోసే అడ్డపట్టీ (క్రాస్ మెంబర్) జరిపారు, వెనక చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత మార్చి బ్యాలెన్స్ చేయించారు. పాత లివర్ మీది అంకెలకూ కొత్త గేర్లకూ పొంతన కుదరలేదు, అదీ ఆ బండిదే తెచ్చాం. అసలు తలనొప్పి వైరింగ్. ఇంజిన్‌నీ గేర్లనీ నడిపేది ఒకే కంప్యూటర్, అది మారిస్తే తాళం చెవి పనిచేయదు, మళ్లీ జత చేయించాలి. మొదట అప్పగించిన ఎలక్ట్రికల్ షాపు ఏదో రెండు వైర్లు తారుమారు చేసింది. బండి ఒకే గేర్‌లో ఉండిపోయేది, చెక్ లైటు ఆరేది కాదు. పన్నెండు రోజులన్న పని నలభై రోజులు పట్టింది. రొయ్యలు పట్టుబడికొచ్చిన సమయంలో అద్దె బండి మీద తిరిగాను.

అందరూ ముందు అడిగేది మైలేజీ. పెద్దగా మారలేదండీ, పదికి కాస్త అటూ ఇటూ. ఎందుకంటే పాతదాని ఆఖరి గేర్ రేషియో (షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు) 0.705, కొత్తదానిది 0.716. హైవే మీద ఇంజిన్ చుట్లు దాదాపు అవే. ఐదో గేర్ అంటే డీజిల్ మిగులుతుందనుకునేవాళ్లు ఈ ఖర్చు పెట్టుకోవద్దు.

తేడా అంతా కింది గేర్లలో ఉంది. పాతదాంట్లో మొదటిది 2.804, రెండోది 1.531, మధ్యలో పెద్ద అగాధం. కొత్తదాంట్లో 3.520, 2.042, 1.400. చెరువు గట్టు మీద మేత బస్తాలతో పదిహేను, పాతిక స్పీడులో పోయేటప్పుడు ఆ 2.042 నాకు బంగారం. ఇదివరకు ధాన్యం ట్రాక్టర్ వెనక పడితే బండి ఏ గేర్‌లో ఉండాలో తేల్చుకోలేక ఊగేది, ఇప్పుడు ఆ ఊగడం లేదు. చించినాడ వంతెన ఎక్కుతున్నప్పుడు గేర్ దిగినా తెలియడం లేదు. మన డెల్టాలో ఎత్తంటే వంతెనలే కదా, అందుకని ఒకసారి మారేడుమిల్లి ఘాట్ కూడా ఎక్కించాను. దిగేటప్పుడు లివర్ మూడులో పెడితే బ్రేకు మీద కాలు సగం సేపు కూడా లేదు.

చెడు కూడా ఉంది. మొదటి గేర్ బలం పెరగడంతో తడి రేగడిలో వెనక చక్రాలు ఇట్టే తిరిగిపోతున్నాయి. మొదటి ఏడాదిలో రెండుసార్లు ట్రాక్టర్‌తో లాగించుకున్నాను. ఇప్పుడు బురదలో పెడల్‌ని బొటనవేలితో తాకుతానంతే.

ఇంకోటి, దీనికి డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ కూడా పాత గేర్‌బాక్స్‌లో పోసిన రకం కాదు, టయోటా డబ్ల్యూఎస్ రకమే పోయాలి. లెవెల్ చూడాలంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ వేడి స్కానర్‌లో చూస్తూ, 45 డిగ్రీల దగ్గర కింది బోల్టు విప్పాలి. నేను మే నెలలో మధ్యాహ్నం తీసుకెళ్తే మేస్త్రి వెనక్కి పంపేశాడు. షెడ్డులో ఊరికే నిలబడ్డ బండికే నలభై చూపిస్తోంది, ఇంజిన్ ఆన్ చేస్తే క్షణాల్లో దాటిపోతుంది, వేడికి ఉబ్బిన ఆయిల్ ఎక్కువ కారిపోయి లెవెల్ తగ్గుతుంది. మర్నాడు తెల్లారుజామున ఐదింటికి వెళ్లాను. బండి కింద పడుకుని, "ఆగండి, ధార తగ్గి చుక్కలవ్వాలండి" అంటూ స్పానర్ పట్టుకుని ఉన్నాడు మేస్త్రి. చుక్కకూ చుక్కకూ ఎడం రాగానే బిగించేశాడు. నలభై వేల కిలోమీటర్లకోసారి ఈ తతంగం తప్పదు.

రేడియేటర్‌లోని కూలర్‌ని మాత్రం మళ్లీ నమ్మలేదు. గొట్టాలు అక్కణ్నుంచి తీసేసి ముందు గ్రిల్ వెనక విడిగా కూలర్ పెట్టించాను. మనకు చలి లేదు కాబట్టి ఆయిల్ వేడెక్కదన్న బెంగ లేదు. చెరువు పని అయ్యాక దాన్ని మంచినీళ్లతో కడుగుతాను, ఉప్పు నిలిస్తే అల్యూమినియం రెక్కలు తినేస్తుంది.

కాగితాల సంగతికొస్తే, ఆర్‌సీలో ఉండే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మారలేదు. అయినా ఇన్సూరెన్స్‌కి లెటర్ పెట్టి రసీదు తీసుకున్నాను. గేర్‌బాక్స్ కొన్న బిల్లు కూడా ఫైల్లో ఉంది.

ఇంకా తేలనిది ఒక్కటే. పొద్దున్నే మొదటిసారి రివర్స్ వేస్తే కింద చిన్నగా టక్కుమంటుంది. గేర్‌బాక్స్‌దేమో అని నాకు టెన్షన్, షాఫ్ట్ జాయింట్‌దే అని మేస్త్రి మాట. సంక్రాంతిలోపు జాయింట్ మార్పించి చూడాలి.