విద్యారుణం తీరకముందే అద్దె ఫ్లాటు: ఒక బ్యాంకు గృహరుణ సేవపై నా అభిప్రాయం

అద్దెకిచ్చే ఉద్దేశంతో నిజాంపేటలో 44 లక్షల రూపాయలకు ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నాను. అందుకోసం హైదరాబాదులోని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో గృహరుణం తీసుకున్నాను. ఎం.టెక్ చదువుకు చేసిన అప్పు అప్పటికి 3.1 లక్షలు మిగిలి ఉంది. దాని ఈఎంఐ 14,500, నా చేతికొచ్చే జీతం 95,000.

ఈ శాఖకు వెళ్లకముందు కలిసిన లోన్ ఏజెంటు, దరఖాస్తులో విద్యారుణం ఊసెత్తవద్దని, పైగా గృహరుణానికి కట్టే వడ్డీ అంతటికీ జీతంపై పన్ను తగ్గుతుందని చెప్పారు. మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ నివేదికలో ప్రతి వాయిదా కనబడుతూనే ఉంటుంది, ఇక దాచేదేమిటి? నేను ఎంచుకున్న కొత్త పన్ను విధానంలో అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని అద్దె ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు గాని, మిగిలిన నష్టాన్ని జీతంలో సర్దుబాటు చేసుకోవడం కుదరదు.

శాఖలోని రుణ అధికారిణి ముందుగా కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఈఎంఐలన్నీ కలిపి జీతంలో 45 శాతం దాటకూడదన్నది వారి పద్ధతి కాబట్టి, విద్యారుణం వాయిదా పోగా 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు నాకు వచ్చేది 32.5 లక్షలే. ఆ అప్పు తీర్చేస్తే జీతాన్నిబట్టి 49 లక్షల దాకా అర్హత ఉన్నా, 30 నుంచి 75 లక్షల మధ్య రుణాలకు ఇంటి విలువలో 80 శాతం మించకూడదన్న రిజర్వు బ్యాంకు నియమం వల్ల 35.2 లక్షల దగ్గర ఆగిపోతుంది. అంటే 3.1 లక్షలు కట్టి 2.7 లక్షలు ఎక్కువ తెచ్చుకోవడం. చేతి నుంచి అదనంగా పడేది 40 వేలు. నెలవారీ భారం మాత్రం 42,700 నుంచి 30,550కి దిగుతుంది. రెండేళ్లలో తీరిపోయే అప్పును ఇరవై ఏళ్లకు సాగదీసినట్టవుతుందని కూడా ఆవిడే హెచ్చరించి, ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌నుబట్టి మారే వడ్డీ) గృహరుణాన్ని ముందుగా తీర్చినా రుసుము ఉండదు కనుక, వీలైనప్పుడల్లా కొంత అసలుకు జమ చేయమన్నారు. రుణాలివ్వడమే పనిగా ఉన్నవారు ఇంత నిజాయితీగా మాట్లాడటం నేనైతే ఎక్కడా చూడలేదు.

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే 3.3 లక్షలు, రుణంలోకి రావని మొదటి రోజే చెప్పడం కూడా మేలైంది. ఆ సొమ్ము విడిగా ఉంచుకోగలిగాను.

లోపాలు లేకపోలేదు. విద్యారుణం మూసేసి నో డ్యూస్ (బకాయి లేదన్న) పత్రం చేతిలో పెట్టినా, సిబిల్‌లో ఆ ఖాతా మూసినట్టు కనబడేవరకు ఫైలును కదపలేదు. ఆ తర్వాత వారి న్యాయవాది లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) పరిశీలించి అభిప్రాయం ఇవ్వడానికి 24 రోజులు పట్టింది. అమ్మకందారుతో రాసుకున్న అగ్రిమెంటు గడువు దాటిపోతుంటే, బతిమాలి పదిహేను రోజులు పొడిగించుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో శాఖకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరైన జవాబు దొరకలేదు.

ఇప్పుడు అద్దె 16,500 వస్తోంది. ఈఎంఐలో మిగతా 14,050 జీతంలోంచే కడుతున్నాను. మొదట అద్దెకు దిగినవారు ఖాళీ చేశాక ఫ్లాటు నెలన్నర తాళం వేసి ఉంది. విద్యారుణం వాయిదా కూడా నెత్తిన ఉంటే ఆ నెలన్నర నాకు గడిచేది కాదు.