ఏడేళ్లు కట్టి, నాలుగేళ్లు ఎగిరాక: నా ఆర్‌వీ-9ఏ

యాభై అయిదేళ్ల వయసులో, డాలస్‌లో మా గరాజ్ నుంచి కార్లను బయటికి తరిమి ఈ విమానం మొదలుపెట్టాను. విడిభాగాలుగా వస్తే ఇంట్లో మనమే కట్టుకునే, వ్యాన్స్ కంపెనీ వాళ్ల ఆర్‌వీ-9ఏ కిట్. రెండు సీట్లు, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్. పూర్తయ్యేసరికి అరవై రెండు వచ్చాయి. ఇప్పటికి 310 గంటలు ఎగిరాను.

దీనికి డబ్బుకంటే ముందు కావాల్సింది రెండో మనిషి. రేకులను కలిపే రివెట్లు కొట్టే గన్ నాది, వెనక దన్నుగా పట్టే లోహపు దిమ్మ (బకింగ్ బార్) మా ఆవిడది. మొదటి వారం "ఏవండీ, చెవులు పోతున్నాయి" అంది. రెండో ఏడాదికి వంకర రివెట్‌ను నాకంటే ముందు తనే పట్టేసేది.

బాగా ఏడిపించినవి పెట్రోలు ట్యాంకులు. కారకుండా అతుకులకు పూసే సీలెంట్ నల్లటి జిగురు, కుళ్లిన గుడ్డు కంపు. ట్యాంకులో కాస్త గాలి నింపి, బెలూన్ తగిలించి, సబ్బు నీళ్లు రాస్తే ఒక రివెట్ దగ్గర బుడగలు. ఆత్రంలో సీలెంట్ తక్కువ పెట్టింది నేనే. ఆ ఒక్క రివెట్‌కి మూడు శనివారాలు పోయాయి.

ఎగరడానికి మాత్రం హాయి. వేగం 150 నాట్లు (గంటకు దాదాపు 280 కిలోమీటర్లు), ఖర్చు గంటకు ఎనిమిది గ్యాలన్లు. హ్యూస్టన్‌లో అబ్బాయి ఇంటికి కారులో నాలుగు గంటలు, ఇందులో గంటన్నర. (హ్యాంగర్‌కి వెళ్లడం, తనిఖీలు, పెట్రోలు కలిపితే మిగిలేదేముందని మా ఆవిడ లెక్క.) దిగేటప్పుడు కాస్త వేగంగా వస్తే చాలు, నేలకు ఆననంటూ రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది. ఆగస్టులో ఆ గాజుబుడగ లాంటి పైకప్పు (కానపీ) కింద మేమే డాబా మీది వడియాలం.

అసలు ఫిర్యాదు నా మీదే. కట్టే ధ్యాసలో అయిదేళ్లు సరిగా ఎగరలేదు. విమానం సిద్ధం, పైలట్ కాదు. ఇదే మోడల్లో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకున్నాకే మొదటి ఫ్లైట్‌కి వెళ్లాను. ఈ వయసులో మొదలుపెట్టేవాళ్లు నెలకు రెండు గంటలైనా అద్దె విమానం నడుపుతూ ఉండండి. వీలైతే రెక్కలు సగం కట్టి వచ్చే క్విక్‌బిల్డ్ కిట్టే కొనండి. అక్కడ నేను మిగుల్చుకున్న డబ్బుకి రెండేళ్లు పోయాయి.

కొత్తగా కట్టిన నా విమానానికి మొదటి 40 గంటలు పరీక్షలే, అప్పుడు ప్రయాణికులను ఎక్కించకూడదని రూలు. మా ఆవిడ 41వ గంటలో ఎక్కింది.

కట్టింది నేనే కాబట్టి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉంది. ఏటా చేయాల్సిన తనిఖీ నేనే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఈసారి తోక వైపు దూరడానికి నా మోకాళ్లు ఒప్పుకోలేదు. టార్చి పట్టుకుని మా ఆవిడే దూరింది. "ఇక్కడొకటి వంకరగా కొట్టారండీ" అని లోపల్నుంచి కేక.